నెల తప్పిన ఎనిమిది రోజులు

గర్భసంచిలో గడ్డలున్నాయని, క్యాన్సర్ కాదు గానీ బత్తాయి కాయంత పెరిగాయని బెంజ్ సర్కిల్ దగ్గరి డాక్టరమ్మ చెప్పేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లై ఏడేళ్లు, పిల్లల్లేరు. నెలనెలా రక్తమంతా పోయి మనిషిని పాలిపోయాను. నెలకొకటి చొప్పున మూడు హార్మోన్ ఇంజెక్షన్లు చేస్తే నెలసరి ఆగుతుందని, రక్తం పడుతుందని, గడ్డలు కాస్త తగ్గుతాయని చెప్పింది. అప్పుడు వాటిని మాత్రమే తీసి, సంచి ఉంచడానికి చూస్తానంది. చూస్తానంది, అంతే. మాట ఇవ్వలేదు.

అప్పట్లో మేం ఇబ్రహీంపట్నంలో ఉండేవాళ్లం. మా ఆయనకి కరెంటు ప్లాంటులో పని. బందరులో చేపలమ్మి ఆయన్ని పెంచిన మా అత్తగారు మాతోనే ఉండేది. ఆవిడకి ఏదైనా చెప్పడమంటే మైకులో చెప్పడమే. అందుకని బలానికి ఇంజెక్షన్లన్నాం.

రెండోది చేశాక నెలసరి ఆగింది. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు. ఈసారి నేను వంటింటికి దూరంగా కూర్చోలేదని అత్తగారు కనిపెట్టింది.

"ఏమ్మాయ్, నెల తప్పావా?" అంది, మొహం చేటంత చేసుకుని.

కాదనాలి. అనలేదు. ఏడేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. వినడానికి ఎంత బాగుందో! ఎనిమిది రోజులు ఊరుకున్నాను. ఆవిడ నన్ను బిందె ఎత్తనివ్వలేదు. చేపకి ముళ్లు తీసి కంచంలో వేసేది. సిగ్గులేకుండా తిన్నాను. వీధంతా చెప్పేసిందని తెలిసి మా ఆయనే అసలు సంగతి చెప్పాడు. ఆవిడ నన్నొక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ రోజు, థియేటర్ లోపల నాకు రక్తం ఆగలేదు. ఇంకో సీసా కోసం మా ఆయన బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తాడు. నర్సు కాగితం పట్టుకుని బయటికొచ్చేసరికి అత్తగారొక్కతే ఉంది. సంచి తీసెయ్యాలని, ఇంక పిల్లలు పుట్టరని ఆవిడకి విడమరిచి చెప్పిందట.

"మా పిల్ల నాకు దక్కితే చాలమ్మా. ఎక్కడ వెయ్యమంటావు?" అని బొటనవేలు చాపిందట. తర్వాత నర్సే చెప్పింది నాకు.

మర్నాడు అత్తగారు చెంచాతో నీళ్లు పట్టింది. వేలికి సిరా ఇంకా పోలేదు. ఆ వేలు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ కూడా ఏడ్చింది, నాకు కనపడకుండా మొహం అటు తిప్పుకుని.