పై రంధ్రంలో గుడ్డ

అరచేయంత గుడ్డముక్క. ఇన్నేళ్లుగా అదే నా గుండెల మీద బండ. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కెనడాలోని హాలిఫాక్స్. పెరట్లో మా ఆయన ఒక పెట్టెలో తేనెటీగల్ని పెంచుతారు. చదువుకోవడానికి పిల్లలు వందలుగా దిగి, ఊళ్లో గది దొరకడమే గగనమైన ఏడాది, మా బేస్‌మెంట్‌లో స్రవంతి అనే పిల్ల అద్దెకుండేది. ఆ చలికాలం ఆయన ఇండియా వెళ్తూ, నా మోకాళ్ల మీద నమ్మకం లేక, పెట్టె బాధ్యత ఆ పిల్లకు అప్పజెప్పారు. మంచు పేరుకుంటే తీసెయ్యాలి. పైనున్న చిన్న రంధ్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి.

జనవరిలో ఒకరోజు గాలి ఎముకలు కొరికింది. కిటికీలోంచి ఆ రంధ్రాన్నే చూస్తూ నిలబడ్డాను. చలికి చెవుల్లో దూది పెట్టకుండా మా అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. నా పిల్లల్నీ నేను అలాగే పెంచాను. మరి వీటికి? పాత చీర చింపి, ఉండచుట్టి, గాలికి ఊడిపోకుండా వేలితో బయటికి కనబడనంత లోపలికి కుక్కి వచ్చాను. ప్రేమతోనే. ఆ మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో!

ఏప్రిల్‌లో ఆయన వచ్చారు. ఆ ముందురోజు పెట్టెకు చెవి ఆనించి విన్నాను. రొద లేదు. గుడ్డ లాగి కోటు జేబులో పెట్టుకున్నాను. ఎందుకు దాచాను? అప్పటికే నాకు అర్థమైపోయిందా? అయ్యే ఉంటుంది.

మర్నాడు ఆయన మూత తీస్తే ఈగలన్నీ తడిసి, ముద్దగా, అడుగున ఉన్నాయి. వాటి ఊపిరి ఆవిరే పైకి పోయే దారిలేక, నీళ్లై వాటి మీదే కురిసిందట.

"రంధ్రం మంచుతో మూసుకుపోయుంటుంది. చూళ్లేదామ్మా?" అన్నారాయన.

"రోజూ తీశానంకుల్, ప్రామిస్. ఆంటీ కిటికీలోంచి చూసేవారు కదా. చెప్పండి ఆంటీ!"

నా చెయ్యి జేబులోనే ఉంది.

"ఏమోనమ్మా, నేను రోజూ చూశానా ఏంటి?" అన్నాను.

రోజూ చూశాను. బస్సుకు ఆలస్యమవుతున్నా, ఎర్రటోపీ సర్దుకుంటూ చీపురుతో మంచు తుడిచి, ఈగలకు "బై" చెప్పి మరీ పరిగెత్తేది.

ఆయన అరవలేదు. ఆ పిల్లతో మాట్లాడటం మానేశారు, అంతే. నెల తిరక్కుండానే సూట్‌కేసులు సర్దుకుంది. ఐదుగురున్న గదిలో ఆరో మనిషిగా చేరిందని తర్వాత విన్నాను. వెళ్తూ "సారీ ఆంటీ" అంది. చెయ్యని తప్పుకు. నేనేం చేశాను? ఆవకాయ సీసా చేతిలో పెట్టి పంపాను.

ఇప్పటికీ చలికి ముందు, కొత్త ఈగల పెట్టెకు కంబళి చుడుతూ ఆయన అంటారు, "ఈసారీ నేనే చూసుకుంటా. ఆ పిల్లకిచ్చినట్టు ఎవరికీ ఇవ్వను." నేను తలూపుతాను. ఆయనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు.

స్రవంతి రోజూ మంచు తీసింది. గుడ్డ కుక్కింది నేను.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.