ఫొటోలతో పాటు రావలసిన మాటలు

మా ఆవిడ పోయి నెల దాటింది. గుండె ఆగింది. ఎక్కువ బాధపడలేదు. శ్రీకాకుళం చుట్టుపక్కల చాలామందికి ఆమె కంటే ఆమె తీసిన ఫొటోలే ఎక్కువ తెలుసు. కబురు అందనివారికి ఇలా చెబుతున్నాను.

ఆమె నా మేనత్త కూతురు. సముద్రం ఒడ్డున చేపల బేరం చేసే ఇంట్లో పుట్టింది. డిగ్రీ చదివి, ఎచ్చెర్ల వైపు ఒక కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరింది. పుస్తకాల డేటాబేస్‌ను పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మార్చే పని ఆమె మీద పడింది. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి టూల్‌నూ, తాజాదో కాదో తేల్చుకోవడానికి చేప చెవులెత్తి చూసినట్టు చూసేది. ముందు పది పుస్తకాల వివరాలే పంపేది. తరువాత అలమర దగ్గరికి వెళ్లి, ఆ పదీ తెచ్చి తెర పక్కన పెట్టి పోల్చేది.

"ఐపోయిందని అది సెప్తాది. నాను సూడాల కదా!" అనేది.

ఆదివారాలు పుట్టింటి ఊళ్లో ఫొటోలు తీసేది. ఆన్‌లైన్ ఆల్బమ్‌లో పెట్టి, ప్రతి ఫొటో కిందా అది ఎవరో, అప్పుడు ఏమన్నారో రాసేది. ఒకరోజు ఆ సైట్ మూసేస్తున్నామని, నెల గడువని మెయిల్ వచ్చింది. అరవై ఆల్బమ్‌లు. మార్చే టూల్ కోసం ఇద్దరం వెతికాం. మొదట దొరికినది ఫొటోలు తెచ్చి, మాటలు వదిలేసింది. ఫొటోలు వచ్చాయి కదా, చాలు అన్నాను.

"మొకాలొచ్చీసినాయి. ఎవులేటన్నారో రేపు ఎవులు సెప్తారు బావా? సగం మంది ముసిలోళ్లు."

నాలుగు రోజులుందనగా మరో టూల్ దొరికింది. మాటలూ వచ్చాయి. చూసి కెవ్వుమంది. అమ్మవారి పటం కింద, "మా బావ. పెళ్లినాడు కూడా గెడ్డం గీసుకోలేదు." నా ఫొటో కింద, "వంజరం. ఇంకా కొట్టుకుంటున్నాది." ఆ చేప కింద, "మా అమ్మ. కోపం కాదు, మొకమే అంత." అత్త ఫొటో కింద, "కొత్త స్కూటర్. ఇంకా నంబరు రాలేదు."

ఒక చేత్తో లెంపలు వేసుకుంటూ, నవ్వలేక కుర్చీలోంచి నేల మీదికి జారింది.

"ఒసే, నాలుగు రోజులే ఉంది. నీకు నవ్వొస్తోందా?"

"నీ మొకం కింద మాత్రం సరిగ్గానే రాసింది బావా!"

తప్పు ఎక్కడుందో ఆమే పట్టుకుంది. వలలో పడిన మొదటి చేపను మా వాళ్లు అమ్మవారి పేర పక్కన పెడతారు. దాన్ని లెక్కపెట్టరు, తూచరు. ఆమె కూడా ప్రతి ఆల్బమ్‌లో మొదట అమ్మవారి పటం పెట్టి, కింద ఏమీ రాయకుండా వదిలేది. టూల్ ఆ ఖాళీని దాటేసి, తరువాతి మాటను ముందుకు లాగింది. దాని వెనకే అన్నీ ఒక్కో అడుగు జరిగాయి.

"అమ్మోరు ఎవులో సెప్పాలా ఏటి, అనుకున్నాను. దీనికి సెప్పాల!" అంది.

అరవై పటాల కిందా "దండం తల్లీ" అని కొట్టింది. అలవాటుగా పది ఫొటోలు పంపి చూసింది. సరిపోయాయి. గడువుకు ఒక రోజు ముందు అన్నీ చేరాయి. ఆ సాయంత్రం నా చేత టీ పెట్టించుకుని, కాళ్లు చాపుకుని మొదటి నుంచీ చదువుకుంది. ఆమె అంత హాయిగా కూర్చోవడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

పెద్దకర్మనాడు ఆ ఫొటోలు చూపించమని మా అత్త అడిగింది. ఆమెకు చదువు రాదు. ట్యాబ్ ఆమె ఒడిలో పెట్టి, కింద మాటలు నేను చదివాను. చుట్టాలు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. తన మాట వినబడగానే ఒక మావ, "నానెప్పుడన్నానర్రా ఇది?" అని లేచాడు. "నువ్వే అన్నావు, నాను పక్కనే ఉన్నాను" అని ఆయన భార్య కూర్చోబెట్టింది. ఇంట్లో అందరూ నవ్వారు.

తరువాతి ఫొటోలో మనుషులు లేరు. తడి ఇసుక, దాని మీద పొడుగాటి నీడ.

"ఎవుల్దిరా ఈ నీడ?" అంది అత్త.

చదివాను. "సూరీడు నా ఎనకాతల ఉన్నాడు. నీడ నాదే."

అత్త ఆ నీడ మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి తగిలి ఫొటో పక్కకు జరిగిపోయింది. వెనక్కి తెచ్చి, కదలకుండా పట్టుకున్నాను.