దారం కింద చుక్క

మా మామగారికి పెద్దల్లుణ్ణి నేను. శృంగవరపుకోటలో ఆయన ఇంట్లో మొదటి విస్తరి ఎప్పుడూ నాకే. తోడల్లుడు కలకత్తాలో ఎంత పెద్ద ఉద్యోగమైనా చేసుకోనీ, నా తర్వాతే కూర్చోవాలి. కోటబొమ్మాళిలో బడిపంతులునైన నాకు, అతని ముందు మిగిలిన గొప్ప అదొక్కటే.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదో, తొమ్మిదో. మామగారికి ఉన్నట్టుండి గుండెనొప్పి వచ్చింది. తోడల్లుడికి టెలిగ్రాం వెళ్ళింది. నాకేమో సంతకొచ్చిన బెల్లం వర్తకుడి నోట కబురు! ఒళ్ళు మండిపోయింది. పెద్దల్లుణ్ణి పిలవాలంటే బావమరిది స్వయంగా రావాలి, గుమ్మంలో నిలబడి రమ్మనాలి. అదీ మర్యాద.

"నానకి బాగునేదంటే మర్యాదలేటి? ఎల్దుం రండి," అని మా ఆవిడ ఏడ్చింది.

"పిలుపు రానీ," అన్నాను.

మూడు రోజులు అరుగు మీద కూర్చుని వీధి చివరికి చూశాను. రెండో రోజు పొద్దున్న ఊరి మీద విమానం చప్పుడైతే పిల్లలంతా వీధిలోకి పరిగెత్తారు. నేను తలెత్తలేదు. నాలుగో రోజు మా ఆవిడ తన బట్టలు మూటగట్టుకుని స్టేషనుకి నడిచింది. చేసేదేముంది, వెనకాలే నేనూ నడిచాను.

వెళ్ళేసరికి తోడల్లుడు మామగారి మంచం పక్కన కూర్చుని మందు కలుపుతున్నాడు. టెలిగ్రాం అందిన మర్నాడే విమానమెక్కి విశాఖపట్నంలో దిగాట్ట. ఇంటినిండా విమానం కబుర్లే. అత్తగారు మొదటి విస్తరి అతనికి వేసింది. నాకు ముద్ద దిగితే ఒట్టు. 

భోజనాలయ్యాక, ఎప్పుడూ నా సంచిలో ఉండే బడి అట్లాసు తీశాను. మా ఆవిణ్ణడిగి ఎర్రదారపు ఉండ తీసుకుని, మామగారి మంచం మీదే పటం పరిచాను. అతను వచ్చింది పెద్ద దూరమేం కాదని అందరి ముందూ తేల్చాలి. ఒక కొస కలకత్తా మీద, రెండో కొస విశాఖపట్నం మీద పట్టి బిగించాను.

"చూశారా? రైలు ఒడ్డు వెంట వంకరలు తిరుగుతుంది. విమానం తిన్నగా వస్తుంది. డెబ్బై మైళ్ళు తక్కువే. దీనికింత గొప్పా?"

"నిజమే అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. వాదించి ఉంటే బాగుండేది.

మామగారు మెల్లగా లేచి కూర్చున్నారు. దారం వెంట వేలు జరుపుకుంటూ వచ్చి, విశాఖపట్నానికి కొంచెం ఇవతల ఆపారు. అట్లాసులో అచ్చుకాని మా ఊరికి, అభిమానం కొద్దీ నేను సిరాతో పెట్టుకున్న చుక్క అక్కడుంది.

"ఈ సుక్కేటి బాబూ?"

"కోటబొమ్మాళి, మావయ్యా."

"మరి దారం దీన్ని రాసుకునే వొచ్చింది గదా. సిన్నల్లుడు నీ ఇంటి మీద నించి వొచ్చినప్పుడు నువ్వేటి సేస్తన్నావు?"

 మా ఆవిడ నా చేతిలోంచి దారం లాక్కుని ఉండకి చుట్టుకుంటూ, నా వంక చూడకుండానే చెప్పింది.

"అరుగు మీద కూకున్నారు నానా. పిలుపు కోసం."