తాత పోలిక

టైలరక్క బొటనవేళ్ళకు గోళ్ళు సగమే ఉండేవి. వాళ్ళ నాన్నకీ అంతే, కూతురు చిట్టికీ అంతే. పాప పుట్టగానే ఆ బుల్లి వేళ్ళు చూసి, "అచ్చం తాతే! ఎవరి పిల్లో అడిగే పనే లేదు" అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు.

చిట్టికి తొమ్మిదేళ్ళొచ్చాక మోకాలు పట్టు తప్పడం మొదలైంది. బడి మెట్ల మీద ఉన్నట్టుండి కూలబడేది. మోచేతులు పూర్తిగా చాచలేకపోయేది. ఒక డాక్టరు కాల్షియం బిళ్ళలిచ్చాడు. ఇంకొకాయన ఎదిగే పిల్లలకు ఇవన్నీ మామూలేనన్నాడు. టైలరక్క మనసు మాత్రం కుదుటపడలేదు. పొద్దున్నే పాప మూత్రంలో నురగ కనిపించేది. నీళ్ళు కొట్టినా ఓ పట్టాన పోయేది కాదు. చెబితే భర్త, "నీకు ప్రతిదానికీ కంగారే" అని కొట్టిపారేశాడు.

చివరికి పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసింది. మోకాలి చిప్ప ఉండాల్సిన చోట బఠాణీ గింజంత ముక్క ఉంది. ఆవిడ చిట్టి వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూసి, తలెత్తింది.

"మీ చేతులు కూడా చూపించండమ్మా."

ఎందుకో టైలరక్క చేతులు ఒళ్ళో దాచుకోబోయింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉన్నాయా?"

"మా నాన్నకండి."

"ఆయన ఎలా ఉన్నారు?"

"పోయారండి, చిన్న వయసులోనే. ఒళ్ళంతా వాచిపోయింది. తాగుడు వల్లే అన్నారందరూ. ఆయన జన్మలో చుక్క ముట్టి ఎరగరు."

డాక్టరమ్మ ఎక్స్‌రే పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఇది వంశంలో తరతరాలుగా దిగే జబ్బు. చాలా అరుదు. గోళ్ళతో, ఎముకలతో ఆగదు. కొందరిలో చడీచప్పుడూ లేకుండా కిడ్నీలను తినేస్తుంది. తల్లీకూతుళ్ళిద్దరికీ పరీక్షలు రాసింది.

ఫలితాలొచ్చిన రోజు టైలరక్క ఒక్కతే లోపలికెళ్ళింది.

"పాపది తొందరగానే పట్టుకున్నాం. మందులు వాడుతూ, కనిపెట్టుకుని ఉంటే చాలా కాలం నెట్టుకురావచ్చు" అంది డాక్టరమ్మ. రెండో కాగితం తిప్పి, గొంతు తగ్గించింది. "ఆలస్యమైంది మీదేనమ్మా."

బయట బెంచీ మీద నుంచి భర్త గబుక్కున లేచాడు. "ఏమన్నారు?"

"చిట్టికి భయం లేదంట. మందులు మానకూడదంట."

"మరి నీకో?"

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను."

ఆ అబద్ధం ఎన్నాళ్ళో నిలవలేదు. ఓ పొద్దున మిషను ముందు కూర్చుని కత్తెర తీసుకుంటే, వేళ్ళు పిడిలో దూరలేదు. రాత్రికి రాత్రి ఉబ్బిపోయాయి. మళ్ళీ ప్రయత్నించింది. భర్త గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె కత్తెర పక్కన పెట్టేసింది.

"ఇలా వచ్చి కూర్చోండి" అంది. "మీకో మాట చెప్పాలి."