పద్మపూర్‌లో ఒక నిండు నిమిషం

వచ్చే నెల మా ఓడ బయల్దేరితే, అందులో వైద్యం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. డాక్టరు ఒడ్డున ఫోన్లో ఉంటాడు. తలుచుకుంటేనే భయమేసేది. శిక్షణలో భాగంగా డాక్టరు రోజూ ఉండని ఆసుపత్రిలో మూడు రోజులు పనిచేసి, ‘ఒంటరిగా వదలొచ్చు’ అని సంతకం తెచ్చుకోమన్నారు. అందుకే ఈ ప్రయాణం.

ఉదయం విశాఖలో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా ఒడిశాలోని రాయగడలో దిగుతాం. పార్వతీపురం దాటాక కొండలు కిటికీ దగ్గరికే వచ్చేస్తాయి. రాయగడ నుంచి పద్మపూర్‌కు బస్సులో రెండు గంటల పైమాటే. నా సంచి మీద లంగరు బొమ్మ చూసి కండక్టరు, “ఏటి బాబూ, నేవీయా? సముద్రం అటుండిపోయింది గదా, ఇటొచ్చేవేటి?” అన్నాడు. నేర్చుకోడానికని చెబితే పగలబడి నవ్వాడు.

ఆ చిన్న ఆసుపత్రికి డాక్టరు వారానికొక్కసారి వస్తాడు. తక్కిన రోజులన్నీ సారమ్మ సిస్టరే. ముప్పయ్యేళ్ళుగా అక్కడే నర్సు. తెలుగు, ఒడియా, అక్కడి కొండజనం మాట్లాడే దేశియా మూడూ గడగడా మాట్లాడుతుంది.

మూడో రోజు పొద్దున ఒక రైతు కళ్ళు తిరుగుతున్నాయంటూ వచ్చాడు. నాడి పట్టి, పావు నిమిషం చూసి, నాలుగుతో గుణించి, “డెబ్బై ఆరు, పర్వాలేదు” అనేశాను. ఓడలో నా అలవాటే అది. సారమ్మ అతని చెయ్యి అందుకుని గడియారం వైపు నిండు నిమిషం చూసింది.

“మిగతా ముప్పావు నిమిషం ఎవుడు సూస్తాడు బాబూ? మళ్ళీ పట్టు.”

పట్టాను. మధ్యలో నాడి ఆగింది, అందుకుంది, మళ్ళీ తప్పింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. “ఇదేమిటో నాకు తెలియదు సిస్టర్” అన్నాను.

“నాకూ పూర్తిగా తెలీదు. ఫోన్ సెయ్యి. సూసిందే సెప్పు, అనుకున్నది సెప్పకు.”

గునుపూర్ పెద్దాసుపత్రి డాక్టరుకు ఫోన్లో చూసింది చూసినట్టే చెప్పాను. వెంటనే పంపమన్నాడు. అంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళింది. సాయంత్రానికి కబురందింది: గుండె లయ తప్పుతోందట, ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

పెద్ద హాళ్ళలో తెరల ముందు కూర్చుని చాలా పాఠాలు విన్నాను. ఇలాంటి గురువు మాత్రం దొరకలేదు. ఇటువైపు శిక్షణకు వెళ్ళేవారు సెకన్ల ముల్లున్న చేతిగడియారం తప్పక పెట్టుకోండి, కరెంటు పోతే ఫోన్లు మూగబోతాయి.

సంతకం ఇక దక్కదనుకుంటూనే కాగితం ఆమె ముందు పెట్టాను. పైనుంచి కిందిదాకా చదివి సంతకం చేసింది.

“తప్పు చేశాను కదా సిస్టర్?”

“సేసేవు. తెలీదని కూడా సెప్పేవు. ఆ మాట రానోడివైతే నిన్ను ఓడెక్కనిద్దునా?”