ఓరి నాయనో అనేంత ఆలస్యం

ఆ బుధవారం ఉదయం పదింపావుకు హారన్ బాబాయి దారికి అడ్డంగా నిలబడ్డ ఒక మేకను చూసి లారీ ఆపాడు. హారన్ కొట్టాడు. మేక కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. మేక అటు తిరిగి గడ్డి మేయసాగింది. ఇక లాభం లేదని హ్యాండ్ బ్రేకు లాగి, తలుపు తీసి, దాన్ని అదిలించడానికి కిందికి దిగాడు. కింద మేక లేదు. రోడ్డూ లేదు. పొద్దున తను ఎక్కిన నిచ్చెన కూడా లేదు. దాన్ని ఎవరో ట్యూబులైటు మార్చడానికి పట్టుకుపోయారు.

అదృష్టం బాగుండి ఖాళీ అట్టపెట్టెల మీద పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. మేక మాత్రం క్షేమం.

ఆ లారీకి ఉన్నదల్లా ముందు క్యాబిన్ ఒక్కటే. ఆరు ఇనుప కాళ్ళ మీద ఛాతీ ఎత్తున నిలబడి, గతుకులొస్తే ఊగుతుంది, మలుపులొస్తే వాలుతుంది. అద్దం ముందు పెద్ద తెర, తెర మీద కొండదారి. సైన్యంలో కొత్తగా చేరిన డ్రైవర్లు అసలు బండి ముట్టుకోకముందే దీనిమీద సాధన చేయాలని, సైన్యమూ ఈ కంపెనీ కలిసి తయారు చేస్తున్న యంత్రం. అంతకుముందు ఇదే షెడ్డులో తిరనాళ్ళకు గుర్రపు రంగులరాట్నాలు చేసేవాళ్ళు. ఇప్పటికీ ఒక మూల ముక్కు విరిగిన చెక్కగుర్రం ఒకటి ఉంది. దానికి మేనేజరు తన కోటు తగిలిస్తాడు.

బాబాయి ముప్ఫై ఒక్క ఏళ్ళు సైన్యంలో లారీలు నడిపాడు, నడపడం నేర్పాడు. రిటైరయ్యాక ఇక్కడ టెస్ట్ డ్రైవరు. తెర మీద ఎవరు కనబడ్డా హారన్ కొట్టేవాడు కనక ఆ పేరు వచ్చింది. ఆయన భార్య ఇరుగుపొరుగుకు చెప్పే మాట ఇది: "మా ఆయన రోజుకు ఎనభై కిలోమీటర్లు తోలతారు, ఎక్కడికీ వెళ్ళరు."

మేకను తయారు చేసింది సాఫ్ట్‌వేరు అమ్మాయి. తన మేకను నిజమనుకుని ఒక మనిషి దూకేశాడంటే ఆమెకు పైకి జాలి, లోపల గర్వం. దూది, టించరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. బాబాయి మోకాలు ఆమెకు అప్పగించి, మాట మాత్రం వేరేది ఎత్తాడు.

"మేక సంగతి తర్వాత అమ్మాయ్. పది టన్నుల బరువుతో దిగుడులో ఉన్న బండి అంత మర్యాదగా ఎలా ఆగింది?"

బ్రేకు అంకెలన్నీ లారీ చేసినవాళ్ళ పుస్తకంలోంచి దించినవేనని ఆమె చెప్పింది. ఆ పుస్తకం రాసినవాడు లారీని ఖాళీగా, చదును నేలమీద తోలి ఉంటాడని బాబాయి అన్నాడు. ఈ గొడవ విని మేనేజరు వచ్చాడు. యంత్రాన్ని ఆ నెలాఖరుకు సైన్యం శిక్షణ కేంద్రానికి అప్పజెప్పాలి. కాగితం మీద మూడు సంతకాలు కావాలి. తనదీ, అమ్మాయిదీ పడ్డాయి. మూడోది బాబాయిది.

ఆయన పెట్టనన్నాడు. పరిశీలన కాగితంలో 'బ్రేకు ఇంకొంచెం ఆలస్యంగా పడాలి' అని రాసి ఊరుకున్నాడు.

మేనేజరు చెడ్డవాడేం కాదు, కాకపోతే తేదీలంటే భయం. కొంచెం అంటే ఎంతో చెప్పమని బతిమాలాడు. కంప్యూటరుకు కొంచెం అనేది ఎక్కదన్నాడు. బాబాయి బాగా ఆలోచించి, ఖాళీ బండికైతే అబ్బా అనేంత, నిండు బండికైతే ఓరి నాయనో అనేంత అని తేల్చాడు. మేనేజరు వెళ్ళి చెక్కగుర్రం పక్కన కాసేపు నిలబడి వచ్చాడు.

బాబాయి మొండితనానికి కారణం ఒకటుంది. అది షెడ్డులో ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో ఆవిడకు మాత్రం తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఆయన దగ్గర నేర్చుకున్న జవాను ఒకడు మొదటిసారి సరుకు నింపుకుని కొండ దిగుతూ బ్రేకు తొక్కాడు. నేర్చుకున్న లెక్క ప్రకారమే తొక్కాడు. బండి లోయ అంచున, ముందు చక్రం ఒకటి గాలిలో ఉండగా ఆగింది. జవానుకు దెబ్బ తగల్లేదు గాని రెండు రోజులు మాట పడిపోయింది. అతనికి ఖాళీ బండి మీద నేర్పింది బాబాయే.

ఎవరూ అడగకుండానే సాఫ్ట్‌వేరు అమ్మాయి ఒక పని చేసింది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, బాబాయిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, బ్రేకు తొక్కుతూ ఇరవైసార్లు "ఓరి నాయనో" అనిపించింది. వెల్డింగు వాళ్ళు పని ఆపి వచ్చి నిలబడ్డారు. బాబాయి సిగ్గుపడలేదు, ఇరవైసార్లూ మనసుపెట్టి అన్నాడు. సగటు డెబ్భై రెండు. సెకనులో నూరోవంతుల లెక్కన. ఆమె సాఫ్ట్‌వేరులో కొత్త గడి ఒకటి పెట్టి, దానికి 'నాయన' అని పేరు రాసి, ఆ అంకె నింపింది.

అక్కడినుంచి షెడ్డులో మాటలు మారిపోయాయి. నాయన ఎక్కువయ్యాడు, నాయనను తగ్గించు, నాయన సరిగ్గా కూర్చోలేదు. శుక్రవారం కంప్యూటరు తనంతట తను కొత్త అప్‌డేట్ దించుకుని ఆ గడిని తుడిచేసింది. సరిగ్గా అప్పుడే బాబాయి భార్య, కళ్ళజోడు ఇంట్లో మరచిపోయారని చెప్పడానికి ఫోను చేసింది. ఆవిడ చెవిన పడ్డది అమ్మాయి గొంతు: "బాబాయ్, నాయన పోయాడు." వెనకనుంచి బాబాయి గొంతు: "పోతే పోయాడు, ఇంకొకణ్ణి పెట్టేయ్."

ఆవిడ మొగుడి మనసు ఇంత రాయి అని ఆ రోజే తెలుసుకుంది. వెంటనే ఆ అమ్మాయి ఇంటికి ఫోను చేసి, ధైర్యంగా ఉండండి, పోయినవాళ్ళతో మనం పోలేం కదా అని పది నిమిషాలు ఓదార్చింది. అవతల ఓపిగ్గా విని, చివర్లో ఇంతకీ ఎవరు పోయారండీ అని అడిగింది ఆ పోయిన తండ్రే.

మేనేజరు చివరికి మెత్తబడ్డాడు. బాబాయి నాయనను నమ్మి కాదు, సంతకం లేకపోతే యంత్రం గడప దాటదని. శిక్షణ కేంద్రం వాళ్ళను అడిగి అసలు లారీ తెప్పించాడు. పది టన్నుల ఇసుక బస్తాలు వేయించి, చక్రాలకు కొలిచే పరికరాలు కట్టించి, కొండ దిగుడులో తోలించాడు. బ్రేకు తొక్కిన దగ్గర్నుంచి వేగం తగ్గడం మొదలయ్యేదాకా డెబ్భై వచ్చింది. పుస్తకంలో ఉన్నది ఇరవై. బాబాయి తన అంకె రెండు ఎక్కువ వచ్చిందేమని నొచ్చుకుని, ఆ ఇరవైసార్లలో నాలుగోది కాస్త సాగదీశానని ఒప్పుకున్నాడు.

అంకె దిద్దారు. బాబాయి మోకాలి మీద కాగితం పెట్టుకుని, పేరంతా పొడుగ్గా, గొలుసుకట్టుగా సంతకం చేశాడు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళాడు. ఎదురొచ్చినవాళ్ళందరినీ పలకరించాడు. ఎందుకంత హుషారని భార్య అడిగితే మోకాలు తగ్గిందన్నాడు. ఆవిడ నమ్మలేదు, మళ్ళీ అడగనూ లేదు.

యంత్రం వెళ్ళిన పది రోజులకు శిక్షణ కేంద్రం అధికారి ఫోను చేశాడు. మేనేజరు రెండు నిమిషాలు విని, చెమట తుడుచుకుని, ఫోనును బాబాయి చేతిలో పెట్టాడు. ఆ గొంతు షెడ్డంతా వినబడుతోంది.

"ఏం యంత్రమండీ ఇది? బ్రేకు సమయానికి పడి చావదు. ఈ పూట ఒక్కపూటే ఐదుగురు లోయలో పడ్డారు."

"ఐదుగురూ భోజనానికి వచ్చారు కదా సార్," అన్నాడు బాబాయి.