గొడుగు గుడ్డ జెండా

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల వాళ్లెవరూ పొద్దుగూకాక తెల్లబట్టను దండెం మీద ఉంచేవారు కాదు. ఉంచితే తెల్లారేసరికి సన్నటి బొగ్గుదుమ్ము పేరుకునేది. దులిపితే పోదు, ఉతికితే మరక ఇంకా పరుచుకుంటుంది.

మా బాపు గనిలోకి దిగి బొగ్గు తీసేవాడు. మంచిర్యాలలో ఉండే మా మేనత్త పిల్లలు నన్ను "బొగ్గుపిల్లా" అని ఏడిపించేవారు. ఒళ్లు మండిపోయేది. అప్పుడే మా బడిలో జెండాల పోటీ పెట్టారు. ఏ ఊరి పిల్లలు ఆ ఊరికి జెండా తయారుచేసి, వేదికెక్కి దాని అర్థం చెప్పాలి. మంచిర్యాల పిల్లలు కూడా వస్తున్నారనగానే నేను పట్టుబట్టాను. మా జెండా మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి, నడుమ సింహం ఉండాలి. మా ఊళ్లో సింహాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు, అది వేరే సంగతి!

కుట్టిపెట్టింది మా పక్కింటి అక్క. కాలనీ పిల్లలందరి గౌన్లూ ఆమే కుట్టేది. జెండాకు గంజిపెట్టి సాయంత్రం దండెం మీద ఆరేసింది. పోటీ రోజు పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, జెండా బూడిద రంగుకు తిరిగింది. సింహం గాడిదలా ఉంది. నేను లబోదిబోమన్నాను.

అక్క మాత్రం తాపీగా అంది. "ఏడ్వకే చెల్లె. నలుపును మనం పెట్టకుంటే అదే వచ్చి కూసుంటది. మనమే పెడదాం, మంచిగ, మనకు నచ్చిన కాడ."

పాత గొడుగు గుడ్డ విప్పి జెండా కింది సగానికి కుట్టింది. సింహం సగం దాని కింద పోయింది. పై సగానికి నీలం చీర ముక్క వేసి, ఇది గోదారి అంది. "నడుమ ఏం పెట్టాలె? నువ్వే చెప్పు" అని అడిగింది. బాపు లోపల పనిచేసేది తలకు పెట్టుకునే దీపం వెలుగులోనే. "బాపు దీపం" అన్నాను. పసుపు గుడ్డ గుండ్రంగా కత్తిరించి కుట్టేసింది.

వేదిక ఎక్కి జెండా విప్పాను. నల్లజెండా చూసి మా మేనత్త పిల్లలు కిసుక్కున నవ్వారు. తలెత్తితే గేటు బయట బాపు కనిపించాడు. నైట్ షిఫ్టు దిగి, దుమ్ము ముఖంతోనే నేరుగా వచ్చాడు. తన వల్ల బిడ్డకు చిన్నతనం అనుకున్నాడేమో, లోపలికి రాలేదు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఈ నలుపు మా బొగ్గు. ఈ నీలం మా గోదారి. ఈ దీపం మా బాపుది. అగో, గా గేటు కాడ ఉన్నడు, సూడుండ్రి!" అని అరిచాను.

అందరూ వెనక్కి తిరిగారు. బాపు తల తువ్వాలు సర్దుకుని లోపలికి నడిచొచ్చాడు. బహుమతి ఎవరికి వచ్చిందో నాకిప్పుడు గుర్తు కూడా లేదు.

తన తెల్లచీరను పొద్దుగూకక ముందే లోపలికి తెచ్చుకునే అక్క, నా జెండాను మాత్రం దండెం మీద మరిచిపోయిందట! నేనైతే నమ్మను.

మొన్న మా మనవరాలు ఊరి జెండా గీయాలంటూ రంగుల డబ్బా పట్టుకొచ్చింది. అన్ని రంగులూ అరిగాయి, నల్లది మాత్రం కొత్తగానే ఉంది. ముందు దాన్నే తీసి పిల్ల చేతిలో పెట్టాను.